అతుకు వైపు

"కోడలు చుడుతుంది, కొడుకు తెంచుతాడు." మా ఇంట్లో ఎవరేం ఉద్యోగం చేస్తారని అడిగినవాళ్ళందరికీ మా అమ్మ చెప్పే జవాబు ఇదే. విన్నవాళ్ళు మొదట నవ్వుతారు, తర్వాత నా వైపు ఒకలా చూస్తారు. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి నేను కాదనను. కాస్త సరిచేస్తానంతే. తెంచేది మందుగుండు. తెగుతున్నప్పుడు ఫిల్ము తీసేవాణ్ణి నేను.

విమానం ఇంజిను ముందు భాగంలో ఒక పెద్ద ఫ్యాను ఉంటుంది. దాని రెక్క ఒక్కొక్కటీ దాదాపు మనిషి చెయ్యంత పొడవు. అది పూర్తి వేగంలో తిరుగుతున్నప్పుడు ఒక రెక్క విరిగిందంటే, ఆ ముక్క ఇంజిను దాటి బయటికి రాకూడదు. బయట ఇంధనం ఉంటుంది, సీట్లుంటాయి, సీట్లలో పిల్లాపాపలతో జనం ఉంటారు. అందుకని ఫ్యాను చుట్టూ ఒక కేసింగ్ ఉంటుంది. విరిగినదాన్ని విరిగినట్టు లోపలే పట్టి ఉంచడం దాని పని. కొత్త రకం ఇంజిను ఏదైనా ప్రయాణికుల్ని మోయాలంటే ముందు మా దగ్గరికి రావాలి. మేం దాన్ని నేల మీద బిగించి, పూర్తి వేగంలో తిప్పి, ఒక రెక్క మొదట్లో పెట్టిన చిటికెడు మందుగుండు పేల్చి, ఆ రెక్కని కావాలనే విరిచేస్తాం. ఏడాది పాటు కట్టిన ఇంజిను కళ్ళు మూసి తెరిచేలోగా తుక్కయిపోతుంది. ముక్కలన్నీ లోపలే ఉంటే అందరం లేచి చప్పట్లు కొడతాం. సొంత సరుకు నాశనమైనందుకు చప్పట్లు కొట్టే వ్యాపారం మాదొక్కటేనేమో.

ఆ కేసింగ్ చుట్టేది మా ఆవిడ. పాతకాలంలో దళసరి లోహంతో చేసేవాళ్ళు. గట్టిదే, కానీ బరువు. మా ఆవిడ నడిపే చుట్టుడు షాపులో పల్చటి లోహపు చట్రం మీద పసుపు రంగు గుడ్డ పొర మీద పొర చుడతారు. తుపాకీ గుండుని ఆపే చొక్కాల్లో ఉంటుందే, అలాంటి గుడ్డ. మామూలు కత్తెర పెడితే కత్తెరే మొద్దుబారుతుంది. ఒక యంత్రం చట్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఉంటే నలుగురు మనుషులు నాలుగు పక్కలా నిలబడి, ముడత పడకుండా, లాగుడు సడలకుండా చేత్తో తడిమి తడిమి చూసుకుంటారు. చివరికి గుడ్డ కొసని కుట్టి, జిగురుతో అంటిస్తారు. అదే అతుకు. మా ఆవిడ చేతి కింద తయారైన కేసింగ్‌లో ఆ అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. అది ఆవిడ గొప్ప. ఈ పద్ధతి పనికొస్తుందని పైవాళ్ళని ఒప్పించడానికి ఆవిడకి సగం జుట్టు నెరిసింది.

ఆ సంవత్సరం పెద్ద పరీక్ష వచ్చింది. మొట్టమొదటిసారిగా పూర్తి ఇంజిను మీద, గుడ్డ చుట్టిన కేసింగుతో. అంతకుముందు మూడు చిన్న పరీక్షలు జరిగాయి. వాటిలో ఇంజిను లేదు, మోటారుతో తిప్పే ఉత్తి ఫ్యాను మాత్రమే. మూడింట్లోనూ కేసింగ్ నిలబడింది. నాలుగోది నిలబడితే గుడ్డ కేసింగుకి శాశ్వతంగా అనుమతి వస్తుంది. నిలబడకపోతే మళ్ళీ లోహపు కేసింగులే. చుట్టుడు షాపుకి తాళం పడుతుంది. లోహం విభాగంవాళ్ళు ఆ రోజు కోసం కళ్ళల్లో వత్తులేసుకుని ఎదురుచూస్తున్నారు.

వచ్చే అతిథులకి చూపించడానికి పాత ఫిల్ములు కొన్ని ఏరి పెట్టమని పెద్దాయన నాకు చెప్పాడు. పెద్దాయనంటే మా పరీక్షల విభాగం మొత్తానికి పెద్ద. ఆదివారం ఇంట్లో టీవీకి తగిలించి ఆ మూడు ఫిల్ములూ వేశాను. నా పని గురించి నేనే చెప్పుకుంటే బాగోదు కానీ చెప్పుకుంటాను. కంటికి అందని వేగాన్ని నా కెమెరాలు తాపీగా నడిపించి చూపిస్తాయి. రెక్క మొదట్లో చిన్న మెరుపు. రెక్క కదిలి వచ్చి కేసింగుకి తగులుతుంది. పసుపు గుడ్డ బయటికి ఉబ్బుతుంది, ఉబ్బి ఆగుతుంది. అమ్మ సోఫాలో కూర్చుని బఠానీలు ఒలుస్తూ చూస్తోంది. మా ఆవిడ కిటికీ తెరకి అంచు కుడుతోంది. తను కేసింగ్ చుట్టడమే గానీ ఈ మూడు ఫిల్ములూ వరసగా ఎప్పుడూ చూడలేదట.

"మళ్ళీ వెయ్యండి," అంది.

వేశాను.

"ఇంకోసారి."

"ఏంటే అది, మీ పెళ్ళి సినిమా అయినా ఇన్నిసార్లు చూళ్ళేదు నువ్వు," అంది అమ్మ.

"అతుకు కనపడట్లేదత్తయ్యా."

"ఎందుకు కనపడుతుంది?" అన్నాను నేను. "అది కుడివైపు కింద, గొట్టాల వెనకాల ఉంటుంది. నువ్వేగా అక్కడ పెట్టేది. నా కెమెరాలు ఎడమవైపు."

"రెక్క ఎటు తగిలింది?"

"కెమెరాల వైపే. ఎప్పుడూ అటే వదుల్తాం. ఇంకో పక్క తగిల్తే నాకేం కనపడుతుంది, నా మొహం?"

"మూడుసార్లూ అటేనా?"

"మూడుసార్లూ అటే."

ఆవిడ సూదిని తెరలోనే గుచ్చి వదిలేసింది. "అయితే అతుకు మీద ఒక్కసారి కూడా దెబ్బ పడలేదు," అంది.

విషయం అంత తేలికైనది. వాళ్ళ షాపులో అతుకు పైకి కనపడటం నామోషీ. అందుకని దాన్ని ఎవరి కంటా పడని చోట, గొట్టాలు కప్పే చోట పెడతారు. నా దగ్గర దెబ్బ కెమెరాకి కనపడకపోవడం నామోషీ. అందుకని రెక్క సరిగ్గా నా కెమెరాల ఎదురుగా తగిలేలా క్షణం లెక్క కట్టి మందుగుండు పేలుస్తాను. కెమెరాలకీ, లైట్లకీ, మందుగుండుకీ కలిపి ఒకటే స్విచ్చి. అది నా బల్ల మీదే ఉంటుంది. ఎవరి పని వాళ్ళం ఒద్దికగా చేసుకుంటూ పోయాం. ఆ ఒద్దికలో అతుకు హాయిగా దాక్కుంది.

"ఈసారి అతుకు మీద కొట్టించండి," అంది మా ఆవిడ.

నాకు ముక్కు మీద కోపం. అందరికీ తెలిసిన సంగతే. "నీకేమన్నా పిచ్చా?" అన్నాను. "ఉన్నది ఒక్క ఇంజిను, ఒక్క పరీక్ష. దెబ్బ ఎక్కడ పడాలో ఏ నిబంధనలోనూ లేదు. కోరి కొరివితో తల గోక్కుంటావా?"

"నిబంధనలో లేదని నాకూ తెలుసు."

"ఊరుకోవే," అంది అమ్మ. "నిక్షేపంలా నిలబడుతున్నదాన్ని కెలకడం దేనికి?"

"నిలబడుతోందో లేదో తెలీదత్తయ్యా. అదేగా గొడవ."

ఆ వారమంతా మా ఇంట్లో సవ్యమైన సంభాషణ జరగలేదు. కెమెరాలు అటు మార్చడం కుదరదన్నాను. నేలకి బిగించిన పట్టాలున్నాయి, వాటిని పీకాలి. అటువైపు గొట్టాలు అడ్డం, లైటు పడదు. కొత్తగా నేలలో రంధ్రాలు వెయ్యాలి. చెప్పిన ప్రతి కారణమూ నిజమే. కానీ చెప్పని కారణం అసలైనది. ఆవిడ జీవితం అంతా ఆ పసుపు గుడ్డలో ఉంది. దాని మీద దెబ్బ వేసే స్విచ్చి నా బల్ల మీద ఉంది. గురి ఎడమవైపే ఉంచితే ఆవిడ గెలుస్తుందని నాకు దాదాపు ఖాయంగా తెలుసు. గురి మార్చితే ఏమవుతుందో తెలీదు. భార్య గెలుపు కళ్ళ ముందుంటే చేజేతులా దాన్ని పణం పెట్టే మొగుడెవడు?

ఆవిడ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. నేను అరిస్తే విని, నా అరుపు అయిపోయాక, "ఎప్పుడు మారుస్తారు?" అనేది.

చివరికి పెద్దాయన గదికి వెళ్ళింది. నన్నూ రమ్మంది. సాక్ష్యానికి తీసుకెళ్ళినట్టు వెళ్ళాను.

పెద్దాయన గది గోడ నిండా దెబ్బ తిన్న ఇంజిన్ల ఫోటోలే. అన్నీ నేను తీసినవే. ఆయన కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు విన్నాడు. మంచివాడు, తొందరపడి కాదనడు. కానీ నెత్తి మీద పెద్ద బరువుంది. ఇదే రకం ఇంజిన్లు బిగించిన కొత్త విమానం ఒకటి అప్పటికే జనం లేకుండా పరీక్షగా ఎగురుతోంది. దాని పైలట్ నెలల తరబడి రోజూ ఎగురుతున్నాడు. దాని రెండు ఇంజిన్లకీ మా ఆవిడ కేసింగులే. ఈ పరీక్ష గట్టెక్కితే ఆ విమానం జనాన్ని ఎక్కించుకోవడానికి దారి పడుతుంది.

"అమ్మా, మీరు అడిగేది తప్పని నేననట్లేదు," అన్నాడు పెద్దాయన. "అయితే ఇప్పుడు దెబ్బ చోటు మారిస్తే పది మందికి జవాబు చెప్పాలి. ఇది పోతే మీ షాపు ఉండదు. నేను ఆపినా ఆగదు."

"తెలుసు సార్."

"తెలిసి కూడా..."

"నిలబడుతుందని మనం అంటున్నది సగం కేసింగ్ గురించే సార్. రెండో సగం గురించి నాకే తెలీదు. చుట్టింది నేను. నాకే తెలియనప్పుడు ఇంకెవరికి తెలుస్తుంది?"

పెద్దాయన కాసేపు బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "కెమెరాలు అటు మార్చడం కుదరదనుకుంటా కదా?" అన్నాడు.

ఆ ప్రశ్న అడిగిన తీరులోనే జవాబు కూడా పెట్టి ఇచ్చాడు. నేను తల ఊపితే చాలు, ఎవరి పరువూ పోకుండా వ్యవహారం తెమిలిపోతుంది. కెమెరావాడు కుదరదన్నాడు, ఏం చేస్తాం అనుకుంటారు. మా ఆవిడ గెలుస్తుంది, షాపు నిలుస్తుంది, మేం ముగ్గురం ఇంట్లో సుఖంగా బఠానీలు ఒలుచుకుంటాం. వారం రోజులుగా ఇంట్లో నేను అరిచి చెప్పింది కూడా అదే మాట. ఆవిడ నా వైపు చూడలేదు. గోడ మీది ఫోటోలు చూస్తోంది.

ఆ ఫోటోలన్నిట్లోనూ దెబ్బ ఎడమవైపే ఉంది. నేను గర్వంగా తీసి, గర్వంగా ఫ్రేము కట్టించిన ఫోటోలు అవి. ఇప్పుడు కుదరదని చెబితే అవన్నీ సగం నిజాలై ఊరుకుంటాయి. అంతకంటే ముఖ్యం, ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ తెలివికి నేను అబద్ధంతో అడ్డుపడినట్టవుతుంది. అంత చిన్నమనిషిని కావడం నాకు ఇష్టం లేకపోయింది.

"కుదురుతుంది సార్," అన్నాను. "పట్టాలు పీకాలి. కాస్త పనే. కానీ కుదురుతుంది."

పెద్దాయన నిట్టూర్చాడు. "మొగుడూ పెళ్ళాం కలిసి నా ప్రాణానికి దాపురించారు," అన్నాడు. కానీ ఒప్పుకున్నాడు.

కాస్త పనేనన్నాను గానీ తల ప్రాణం తోకకి వచ్చింది. పరీక్ష గదిలో నేల గట్టి కాంక్రీటు. పాత పట్టాలు పీకి, కుడివైపు కొత్త రంధ్రాలు వేసి, కెమెరా పెట్టెలు బిగించాం. ఒక్కొక్క పెట్టెకీ ముందు దళసరి అద్దం ఉంటుంది. గొట్టాల్లో రెండింటిని ఇంజినువాళ్ళతో పోట్లాడి పక్కకి వంపించాను. లైట్లు నేలకి దగ్గరగా పెట్టి పైకి తిప్పాను. అతుకు ఎక్కడుందో నాకే తెలియక మా ఆవిణ్ణి పిలిపించాను. ఆవిడ నిచ్చెన మీద వంగి, గొట్టాల సందులోంచి చెయ్యి పోనిచ్చి, కళ్ళు మూసుకుని గుడ్డని తడిమి, "ఇక్కడ," అంది. అక్కడ నల్ల రంగుతో గీత గీశాను. ఆవిడ తన కేసింగ్ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వదు. ఆ రోజు గీత గీయనిచ్చి, దిగి వెళ్ళిపోయింది.

దారిలో లోహం విభాగం పెద్ద ఎదురై, "మీవాళ్ళకి మీరే గొయ్యి తవ్వుతున్నారటగా," అన్నాడు నవ్వుతూ. "అవును, లోతుగా తవ్వుతున్నాం, వచ్చి చూడు," అన్నాను. ఆ మాత్రం నోరు నాకు ఎప్పుడూ ఉంది.

పరీక్ష రోజున కంట్రోల్ రూంలో నిలబడటానికి చోటు లేదు. అనుమతి ఇచ్చే అధికారులు, ఇంజిను కట్టినవాళ్ళు, లోహంవాళ్ళు, వెనక గోడకి ఆనుకుని ఆ విమానం నడిపే పైలట్. పొడుగ్గా, సన్నగా, ఎక్కువ మాట్లాడని మనిషి. మా ఆవిడ నా కుర్చీ వెనక నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఆవిడ చెయ్యి నా కుర్చీ వీపు మీద ఉంది.

ఇంజిను మొదలైంది. గోడ అంత మందమైనదైనా మోత కాళ్ళ కింద నుంచి వస్తుంది. వేగం పెంచుకుంటూ పోయారు. పూర్తి వేగం అందుకున్నాక పెద్దాయన నా వైపు చూసి తల ఊపాడు. నా బల్ల మీద స్విచ్చి మూత తెరిచాను. ఇన్నేళ్ళలో ఆ స్విచ్చి నొక్కడానికి నా చెయ్యి వెనకాడటం అదే మొదలు. ఒక్క క్షణం పాటు, నొక్కకుండా ఏదో చెడిపోయిందని చెప్పేద్దామా అన్నంత పిరికితనం వచ్చింది. ఆవిడ వెనక నుంచి, నాకొక్కడికే వినపడేలా, "కానివ్వండి," అంది.

నొక్కాను. నొక్కాక ఇంక నా చేతిలో ఏమీ ఉండదు. ఫ్యాను సరైన మలుపుకి రాగానే యంత్రమే పేలుస్తుంది.

నేల అదిరింది. ఆ అదురు నాకు అలవాటే. అలవాటు లేనిది ఏమిటంటే, నా ముందున్న తెరల్లో ఒకటి నల్లబడిపోయింది. ఆ కెమెరాకీ ఇంజినుకీ మధ్య ఆ అద్దం, మా ఆవిడ కేసింగ్ తప్ప ఇంకేమీ లేవు. ఫిల్ము చూడకుండానే నాకు తెలిసిపోయింది.

ఇంజిను ఆపేశారు. మంటలు రాలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "వెయ్యండి," అన్నాడు పెద్దాయన. మిగిలిన కెమెరాల్లో ఒకదాని ఫిల్ము పెద్ద తెర మీద వేశాను.

రెక్క మొదట్లో మెరుపు. రెక్క కదిలింది, తిరుగుతూ వచ్చింది, నల్ల గీత మీద తగిలింది. గురి వెంట్రుకవాసి కూడా తప్పలేదు. గుడ్డ ఎప్పట్లాగే ఉబ్బింది. తర్వాత అతుకు దగ్గర కుట్లు ఒక్కొక్కటిగా విడిపోయాయి. కొస వదులైంది. పై పొర జారింది, దాని కింది పొర జారింది, ఆ జారిన సందులోంచి రెక్క ముక్క ఒకటి దారి చేసుకుని బయటికి వచ్చి, కెమెరా వైపు పెద్దదవుతూ వచ్చి, తెర పక్కగా వెళ్ళిపోయింది. ఆ ముక్క తర్వాత ఎదుటి గోడ కాంక్రీటులో దొరికింది. పీకడానికి గునపం కావాల్సి వచ్చింది.

లోహంవాళ్ళు కూడా నేల చూపులు చూస్తున్నారు. నా జీవితంలో అంత స్పష్టమైన ఫిల్ము ఎప్పుడూ తియ్యలేదు. ఆ మాట పైకి అనే ధైర్యం మాత్రం నాకు లేదు.

"బాగా కనపడుతోంది," అంది మా ఆవిడ. "కుట్లు విడిపోయాక పొరలు జారాయి. గుడ్డ తెగలేదు. చూశారా, గుడ్డ ఎక్కడా తెగలేదు. అతుకే."

వెనక నుంచి పైలట్ ముందుకొచ్చాడు. జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. "నా విమానంలో అతుకు ఎటుంది?" అని అడిగాడు.

"కుడివైపు కింద సార్," అంది ఆవిడ.

"కుడివైపంటే..."

"కుడి ఇంజినుకి బయటివైపు. ఎడమ ఇంజినుకి లోపలివైపు. సీట్ల వైపు."

ఆవిడ మాట నమలలేదు, దాచలేదు. పైలట్ ఆ తెర వైపు, నల్ల గీత వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తల పంకించి తన చోటికి వెళ్ళిపోయాడు. పెద్దాయన అప్పటికే ఫోను అందుకున్నాడు. ఆ విమానాన్ని ఇక ఎగరనివ్వొద్దని, కేసింగులు విప్పి లోహపువి బిగించేదాకా హ్యాంగరులోంచి కదపొద్దని చెబుతున్నాడు. ఆ మధ్యాహ్నం దాని ప్రయాణం ఉండాల్సింది.

పరీక్ష గది చల్లారాక మేమిద్దరం లోపలికి వెళ్ళాం. కేసింగ్ నుంచి పసుపు గుడ్డ కొస వేలాడుతోంది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, విడిపోయిన కుట్ల వెంట వేలు పోనిచ్చింది. అప్పుడు ఏడ్చింది. నా భుజానికి తల ఆనించి, వెక్కి వెక్కి, చిన్నపిల్లలా ఏడ్చింది. షాపులో పనిచేసేవాళ్ళ గురించి, వాళ్ళకి ఏం చెప్పాలో తెలియదని ఏదో అంది. నేను ఓదార్చడానికి పనికొచ్చే మనిషిని కాను. "గుడ్డ తెగలేదుగా," అన్నాను. ముక్కు తుడుచుకుని, "ఆ మాట నేనే చెప్పాను," అంది. అంటే తేరుకుందన్నమాట.

ఇంటికి వెళ్ళాక అమ్మ మా మొహాలు చూసి, కోడలికి తనే అన్నం కలిపి పెట్టింది. నాకు పెట్టలేదు. నా చేతులకేం, స్విచ్చి నొక్కిన చేతులు, బాగానే ఉన్నాయిగా అంది.

మర్నాడు పొద్దున్నే చుట్టుడు షాపుకి వెళ్ళాను. మామూలుగా నేను వెళ్ళను. అక్కడ చెప్పులు విప్పాలి, ఉంగరాలు తియ్యాలి, గుడ్డ దారప్పోగు దేనికీ తగులుకోకుండా నానా నియమాలు. తయారై ఉన్న కేసింగులు వరసగా స్టాండ్ల మీద ఉన్నాయి. నున్నగా, పసుపుగా, ఎక్కడా ఒక్క ముడత లేకుండా. వాటి మీద నెలల తరబడి కష్టపడ్డ మనుషులు గోడ వారగా నిలబడ్డారు. మా ఆవిడ చేతిలో ఆ గుడ్డ కోసే ప్రత్యేకమైన పెద్ద కత్తెర ఉంది.

పెద్దాయన కూడా వచ్చాడు. చెప్పులు విప్పి, చొక్కా గుండీలు కూడా సర్దుకుని లోపలికొచ్చి, కత్తెర చూసి కంగారు పడ్డాడు.

"ఇవి నేల మీద తిప్పే ఇంజిన్లకి వాడుకోవచ్చుగా," అన్నాడు. "ఎగరనివాటికి. పారేయడమెందుకు?"

"ఈరోజు నేల మీదకే అనుకుంటాం సార్. రేపు ఎవరికో తొందరొస్తుంది. స్టాండు మీద కేసింగ్ కనపడుతుంది. తీసి విమానానికి బిగించేస్తారు." ఆవిడ దగ్గర్లో ఉన్న కేసింగ్ మీద అరచెయ్యి వేసింది. "చూడండి ఎలా ఉందో. మా వాళ్ళు చుట్టింది చూసి ఎవడికైనా అనుమానం వస్తుందా?"

గోడ వారగా నిలబడ్డవాళ్ళలో ఒకామె కళ్ళు తుడుచుకుంది. నిజమే మరి, అంత అందంగా ఉన్నాయి.

కత్తెర పెట్టాలంటే కేసింగ్ కదలకుండా ఇద్దరు చెరోపక్క పట్టుకోవాలి. నేను ఒక పక్క పట్టుకున్నాను. రెండో పక్కకి ఎవరొస్తారా అని చూస్తుంటే గుమ్మంలో చెప్పులు విప్పుతూ పైలట్ కనపడ్డాడు. ఎవరు రమ్మన్నారో తెలీదు. కోటు తీసి మేకుకి తగిలించి, వేలి ఉంగరం తీసి జేబులో వేసుకుని, తిన్నగా వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. ఆవిడ అతుకు దగ్గర మొదలుపెట్టింది. గుడ్డ కత్తెరకి లొంగడానికి మొండికేసింది. ఆవిడ మోచేతుల దాకా బలం పెట్టి కోసుకుంటూ పోయింది. పొరలు విడిపోయి నేల మీద పడుతుంటే షాపువాళ్ళు ఒక్కొక్కరే గోడ వదిలి దగ్గరికొచ్చారు. ఇంకో కత్తెర తీసుకుని ఒకతను రెండో కేసింగ్ దగ్గర నిలబడ్డాడు.

"కొసని ఒక్కచోట ఆపకూడదు సార్," అంది ఆవిడ కత్తెర ఆపకుండానే పెద్దాయనతో. "ఇన్నాళ్ళూ మొదలూ చివరా ఒకే గీత మీద ఆపాం, చూడ్డానికి బాగుంటుందని. ఏటవాలుగా కోసి, చుట్టూ పరిచి, పొరల మధ్యకి దోపాలి. అందంగా ఉండదు."

పెద్దాయన చాలాసేపు నేల మీది పసుపు గుడ్డ కుప్ప చూశాడు. "ఈ కోత అయ్యాక వచ్చి అదెలాగో నాకు వివరంగా చెప్పండి," అన్నాడు. "షాపుకి తాళం వెయ్యమని ఎవరైనా వస్తే నా దగ్గరికి పంపించండి. లోహంవాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

ఆవిడ తల ఊపింది, అంతే. ఈ మనిషి నా భార్య అని ఆ షాపులో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అయినా మళ్ళీ ఒకసారి పేరుపేరునా చెప్పాలనిపించింది. పరీక్షలు నెగ్గిన కేసింగుల పక్కన నిలబడి ఫోటోలు దిగినవాళ్ళని చాలామందిని చూశాను. తను చుట్టినదాన్ని తనే కోస్తున్న ఆవిడ పక్కన, ఆ కేసింగ్ ఒక పక్క పట్టుకుని నిలబడ్డప్పుడు కలిగినంత గర్వం నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

మొదటి కేసింగ్ ఉత్తి చట్రమైపోయింది. పైలట్ రెండోదాని దగ్గరికి నడిచి, చేతులు వేసి పట్టుకుని, అప్పుడు నోరు విప్పాడు.

"కొత్తది నాకెప్పుడిస్తారు?"

"ముందు అతుకు మీదే కొట్టిస్తాం," అంది మా ఆవిడ. "నిలబడితే ఇస్తాను."

"నిలబడకపోతే?"

ఆవిడ చేత్తో తడిమి అతుకు ఎక్కడుందో చూసుకుంది.

"మళ్ళీ కోస్తాను. గట్టిగా పట్టుకోండి."